ఆస్కార్ చేపల ట్యాంక్‌లో పాచి తినే చేప ఏది వేస్తే బతుకుద్ది?

నాలుగడుగుల_తొట్టి: అందరికీ నమస్తే అండి. నాది 4 అడుగుల ట్యాంక్, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, లెక్కకి 250 లీటర్లు. రెండు ఆస్కార్లు (8 అంగుళాలు దాటాయి), ఒక గ్రీన్ టెర్రర్ చేప. వెనక అద్దం మొత్తం పచ్చగా పాచి పట్టేసింది. షాపాయన వేలంత సక్కర్లు (నోటితో అతుక్కుని పాచి తినే చేపలు) రెండిచ్చి ఇవే క్లీన్ చేసేస్తాయి అన్నాడు, రాత్రి వేశా, పొద్దున్న చూస్తే ఒకటి అడ్రస్ లేదు, రెండోది పెద్ద ఆస్కార్ నోట్లో అడ్డంగా ఇరుక్కుపోయి తోక ఒక్కటే బయటికి ఉంది, అది నోరు ముయ్యలేదు, మింగలేదు, కక్కలేదు. మా ఆవిడ టార్చ్ పట్టుకుంటే నేను తడిగుడ్డలో ఆస్కార్‌ని పట్టుకుని గోళ్ళు కత్తిరించేదాంతో సక్కర్ ముల్లు కట్ చేసి లాగా. ఆస్కార్ బతికింది. ఇప్పుడు ఏం వెయ్యమంటారు?

బోరునీళ్ళ_బాబు: సక్కర్ పక్క రెక్కల ముందు ముల్లు ఉంటదండి, భయపడితే బిగబట్టేస్తది, అందుకే ఇరుక్కుంది. వలతో పట్టినా అంతే, చిక్కుకుపోద్ది, గిన్నెతో పట్టండి. ఆస్కార్లకి రూల్ ఒకటే, నోట్లో పట్టేది ఏదైనా మేతే. 6 అంగుళాల సక్కర్ వెయ్యండి, ఒళ్ళంతా ఎముక పలకలు కదా, రెండుసార్లు పొడిచి వదిలేస్తాయి. కానీ అది అడుగు దాటి పెరుగుద్ది, పెంట మాత్రం తాళ్ళు తాళ్ళుగా వేస్తది, పెద్దయ్యాక పాచి మానేసి మీ ఆస్కార్ల పెల్లెట్స్ మీద పడుద్ది. ఫిల్టర్ గట్టిదేనా?

రాత్రి_డ్యూటీ: ఒక మాట యాడ్ చేస్తా. మా ఆస్కార్‌కి పక్కన రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ వచ్చింది, ఫంగస్ అనుకుని వారం ఉప్పు వేశాం, తగ్గలా. ఓ రోజు రాత్రి 2కి మంచినీళ్ళకి లేచి లైటేస్తే సక్కర్ గారు నిద్రపోతున్న ఆస్కార్‌కి అతుక్కుని జిగురు పీలుస్తున్నాడు! ఆకలైతే చేస్తుంది ఆ పని. అప్పట్నుంచి లైటాపాక బీరకాయ ముక్క ఉడకబెట్టి, రాయి కట్టి వేస్తున్నా, పొద్దున్నకి తొక్కే మిగుల్తుంది. మచ్చ మళ్ళీ రాలేదు.

చిన్నచేప99: గోల్డెన్ ఆల్గే ఈటర్ చవగ్గా దొరుకుతుందిగా, అది ట్రై చెయ్యొచ్చా?

మబునా_పిచ్చోడు: వద్దన్నా, అది చిన్నప్పుడే బుద్ధిమంతుడు, పెద్దగయినంక అదే ఓ రౌడీ, వెడల్పు చేపల్ని పట్టుకొని పీలుస్తది. సయామీస్ ఆల్గే ఈటర్ వేరు (నల్ల గీత తోక రెక్క చివరిదాక ఉంటది), అది మంచిదే, నల్ల పాచి గూడ తింటది, కానీ సన్నగుంటది కదా, ఆస్కార్ ముంగట ఆగదు, మూత లేకుంటే దుంకుతది. ఓటో (పాచి తినే చిన్న చేప), చిన్న నత్తలు అసలే వద్దు. నా దగ్గర మబునా చేపలతోటి బ్రిసిల్‌నోస్ (చిన్న రకం సక్కర్లు) ఉన్నయి, 4, 5 అంగుళాలు మించవు, ముక్కు మీద మీసాల తీరు ఉంటయి, రెండేండ్ల నుంచి బిందాస్. మలావీ సరస్సుల మబునాలు రాళ్ళ మీద పాచి గీక్కొని తినేటివే కాబట్టి సగం పని అవే చేస్తయి. పీవీసీ పైపు ముక్కలేసిన, సక్కర్ దూరాలె, సిక్లిడ్ (ఆస్కార్లు, మబునాలు అన్నీ ఆ కుటుంబమే) తల పట్టొద్దు, గంతే లెక్క.

ఒంటరి_హార్న్: ఫ్లవర్‌హార్న్ చేప ఉన్నవాళ్ళు ఇదంతా చదివి ఆశపడకండి. నేను 7 అంగుళాల సక్కర్ వేస్తే నాలుగో రోజుకి ఫ్లవర్‌హార్న్ దాని కన్ను పీకేసింది. ఇప్పుడు పాత ఏటీఎం కార్డే నా ఆల్గే ఈటర్, ఆదివారం పది నిమిషాలు గీకుతా. ఇంతకీ మీ లైట్ ఎన్ని గంటలు? కిటికీ పక్కనా ట్యాంక్?

నాలుగడుగుల_తొట్టి: పొద్దున్న 7 నుంచి రాత్రి 10 దాకా 😅 కిటికీ పక్కనే.

ఒంటరి_హార్న్: దొరికిపోయారు. రోజుకి 6 గంటలే వెలిగేలా టైమర్ పెట్టండి, కర్టెన్ వెయ్యండి, వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. చేప తర్వాత చూద్దాం.

బోరునీళ్ళ_బాబు: ఇంకోటి, పెద్దదైందని సక్కర్‌ని చెరువులో మాత్రం వదలకండి బాబూ. దక్షిణ అమెరికా చేప అది, ఇక్కడ చెరువుల్లో పడి వలలు చింపుతుందని మనోళ్ళు దెయ్యం చేప అని పేరు పెట్టారు. షాపుకి ఊరికే ఇచ్చేసినా తీసుకుంటారు.

నాలుగడుగుల_తొట్టి: అప్‌డేట్, ఐదు వారాలైంది. టైమర్, కర్టెన్ పెట్టా, పాచి సగానికి పైనే తగ్గింది, అదీ సక్కర్ రాకముందే. పోయిన వారం ఒకాయన ట్యాంక్ తీసేస్తూ 6 అంగుళాలది ఊరికే ఇచ్చారు. రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చి, లైట్ ఆపాక వదిలా. పొద్దున్న గ్రీన్ టెర్రర్ వచ్చి రెండు పోట్లు పొడిచింది, ఇది కదల్లేదు, అది బోర్ కొట్టి వెళ్ళిపోయింది. కానీ పగలంతా పైపులోంచి బయటికే రావట్లేదు, మామూలేనా?

రాత్రి_డ్యూటీ: మామూలే. బీరకాయ వేశారా?