శ్రీకాకుళం వైపు లైబ్రేరియన్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి

నమస్కారమండి, నేను శ్రీకాకుళం జిల్లాలో చిన్న లైబ్రరీలో పని చేస్తన్నాను, పోటీ పరీక్షల పిల్లలు చాలామంది వస్తారు, మొన్న ఒకమ్మాయి వాట్సాప్‌లో వచ్చిన ఉద్యోగ నోటిఫికేషన్ చూపించి ఇది నిజమేనా సార్ అనడిగింది, చూస్తే తేదీ దగ్గర అక్షరాలు మిగతావాటికంటే లావుగా ఉన్నాయి, కింద డబ్బు కట్టమని యూపీఐ నంబరు. కట్టొద్దమ్మా అని ఆపాను గానీ ఎలా తనిఖీ చేసుకోవాలో పద్ధతిగా నేర్పలేకపోయాను, అదే బాధగా ఉంది.

బీఎల్ఐఎస్సీలో (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) పుస్తకాలకి విషయాన్ని బట్టి వేసే డ్యూయీ నంబర్లు, కేటలాగింగ్ నేర్చుకున్నాం, ఇలా నిజమో కాదో తనిఖీ చేయడం మాత్రం లేదు. ఫొటో ఎక్కడిదో వెతకడానికి గూగుల్ లెన్స్ తెలుసు, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ ఏమో కేంద్రం సంగతులే చూస్తుంది. కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ స్వయం పోర్టల్లో కోర్సు చదవడం ఫ్రీయే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు, ఉద్యోగం చేస్తూ ఎవరైనా పూర్తి చేశారా, ఏ కోర్సు పనికొచ్చింది? తెలుగులో పాఠాలేవైనా ఉన్నా చెప్పండి, ఆదివారం ఒక గంట పిల్లల్ని కూర్చోబెట్టి చెప్తాను.