పెళ్లి పాటల వర్డ్ ఫైల్ తెరుచుకోవట్లేదు, దయచేసి దారి చెప్పండి

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:

అందరికీ నమస్కారం. మా గజపతి జిల్లాలో పర్లాకిమిడి, కాశీనగరం వైపు తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు పాడే పెళ్లి పాటలు కొన్నాళ్లుగా పోగుచేస్తున్నాను. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు అన్నీ ఒకే వర్డ్ ఫైల్‌లో ఉన్నాయి. ప్రింటు ఎలా వస్తుందో చూద్దామని పెన్ డ్రైవ్‌లో వేసుకుని పాతపట్నంలో ఒక డీటీపీ షాపుకి వెళ్లాను. అక్కడే రెండు మాటలు సరిచేసి సేవ్ కొడుతుంటే కరెంటు పోయింది. ఇప్పుడు ఎక్కడ తెరిచినా ఫైల్ పాడైంది, తెరవలేం అనే వస్తోంది. పెన్ డ్రైవ్ ఫార్మాట్ చేసేయమని సలహా ఇస్తున్నారు. వాళ్లు పాడుతుంటే పక్కనే కూర్చుని నేరుగా టైప్ చేసిన పాటలు చాలా ఉన్నాయి, వాటికి కాయితం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు, బరంపురం నుంచి:

అమ్మా, ఫార్మాట్ మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకండి. ఆ పెన్ డ్రైవ్‌లో కొత్తగా ఏదీ సేవ్ కూడా చెయ్యొద్దు. ముందు ఆ పాడైన ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. ఇక ఏ ప్రయోగం చేసినా ఆ కాపీ మీదే.

రెండో మాట. ఆ షాపుకి మళ్లీ వెళ్లండి. వర్డ్ తనంతట తాను దాచుకునే ఆటోరికవర్ కాపీ పెన్ డ్రైవ్‌లో ఉండదు, ఫైల్ ఏ కంప్యూటర్లో తెరిచారో ఆ కంప్యూటర్లో ఉంటుంది. అక్కడ వర్డ్ తెరవగానే ఎడమవైపు డాక్యుమెంట్ రికవరీ అని పట్టీ వస్తే అందులో మీ ఫైల్ ఉండొచ్చు. రాకపోతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లోకి వెళ్లి రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ నొక్కి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లోనూ ఇదే చెయ్యండి. ఎవరికైనా ఈ ఫైల్ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపి ఉంటే అది కూడా వెతకండి. పాతదైనా సగం పని మిగులుతుంది.

ఇక ఫైల్ సంగతి. వర్డ్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్‌కి వెళ్లి, ఫైల్‌ని ఒక్కసారి క్లిక్ చేసి, ఓపెన్ బటన్ పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే ఓపెన్ అండ్ రిపేర్ కనిపిస్తుంది. అది పనిచేస్తే వెంటనే వేరే పేరుతో సేవ్ చేసేయండి. వర్డ్ లాంటిదే లిబ్రేఆఫీస్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, దాన్లో తెరిచి చూడటం కూడా మర్చిపోవద్దు, ఉచితమే. వర్డ్ వద్దన్న ఫైళ్లని అది తెరవడం నేను చాలాసార్లు చూశాను.

అప్పటికీ రాకపోతే కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, ఫర్వాలేదు. మొట్టమొదట పి, కె అనే రెండు ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఉన్నాయా లేవా, అదొక్కటే చూసి చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:

షాపులో రికవరీ పట్టీ ఏమీ రాలేదండి. ఓపెన్ అండ్ రిపేర్ కుదరలేదు, లిబ్రేఆఫీస్ కూడా కాదంది. నోట్‌ప్యాడ్‌లో మాత్రం మీరన్న పి, కె ఉన్నాయి. ఫైల్ సైజు ముందు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తోంది.

బరంపురం నుంచి:

ఉన్నాయన్నారు కదా, చాలా సంతోషం. ఫైల్ సైజు సున్నా ఉన్నా, లోపలంతా ఖాళీగా ఉన్నా నేను ఆశ పెట్టేవాణ్ని కాదు. మీది తోక తెగిన ఫైల్ అనిపిస్తోంది.

2007 ఆఫీస్ నుంచి వస్తున్న డాక్స్ ఫైల్, అంటే మీ వర్డ్ ఫైల్, నిజానికి జిప్ ఫైలే, చాలా ఫైళ్లని ఒకే మూటగా కట్టినట్టు. ఆ పి, కె కూడా జిప్ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరాలే. దానిలోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్ ఉంటుంది. మీ పాటలన్నీ ఉన్నది అందులోనే. బొమ్మలు పక్కనే మీడియా ఫోల్డర్లో ఉంటాయి. జిప్‌కి విషయసూచిక చివర్లో ఉంటుంది. సేవ్ మధ్యలో కరెంటు పోతే ఆ చివరి ముక్క రాయకుండానే ఆగిపోతుంది. సూచిక లేకపోయేసరికి వర్డ్ ఫైల్ మొత్తాన్నీ కాదంటుంది. పాఠం సాధారణంగా ముందువైపే ఉంటుంది కాబట్టి మీ పాటలు బతికే అవకాశం ఎక్కువ.

కాపీ పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. చివరి అక్షరాలు కనపడకపోతే ఫోల్డర్ వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చెయ్యాలి. జిప్‌లు విప్పే విన్‌రార్ ప్రోగ్రాంలో టూల్స్ కింద రిపేర్ ఆర్కైవ్ ఉంది, దాన్ని దీని మీద నడిపితే రీబిల్ట్ అనే పేరుతో కొత్త జిప్ వస్తుంది. దాన్నుంచి డాక్యుమెంట్ ఎక్స్ఎంఎల్ బయటికి తీసి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ (మామూలు నోట్‌ప్యాడ్ కాదు, వేరే ప్రోగ్రాం)లో తెరవండి. మీరు యూనికోడ్‌లో, అంటే ప్రత్యేక ఫాంట్ మీద ఆధారపడని పద్ధతిలో, టైప్ చేసి ఉంటే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

చుట్టూ ఉన్న కోడ్ తీసేయడానికి ముందు ఒక పని ఉంది. కోణపు బ్రాకెట్లలో స్లాష్, డబ్ల్యూ, కోలన్, పి అని ఉన్నచోటల్లా పేరా ముగిసినట్టు. వాటి బదులు కొత్త లైన్ పెట్టండి. ఇది చెయ్యకపోతే పాటలన్నీ ఒకే వరసగా అతుక్కుపోతాయి, చరణం ఎక్కడ ముగిసిందో మీకే తెలియదు. తర్వాత రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకుని <[^>]+> వెతికించి, దాని బదులు పెట్టే గడిలో ఏమీ రాయకుండా మార్చండి. మిగిలేది మీ పాఠం. బోల్డ్, అక్షరాల సైజు పోతాయి. మాటలు ముఖ్యం కాబట్టి వాటి గురించి దిగులు పడకండి.

రాయగడ నుంచి ఇంకొకరు:

మాస్టారూ, నా ఫైల్ తెరుచుకుంటోంది కానీ తెలుగుకి బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. ఇదీ పాడైనట్టేనా?

బరంపురం నుంచి:

కాదు బాబూ. అది అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన ఫైల్ అయ్యుంటుంది. మనవైపు చాలా షాపుల్లో ఒడియా ఫాంట్లే ఉంటాయి, తెలుగువి ఉండవు. ఆ ఫాంట్ వేస్తే అక్షరాలు వచ్చేస్తాయి, లేదా యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వెయ్యాలి. దాని మీద రిపేర్లు చెయ్యకండి. అలాగే మెయిల్లో వచ్చిన ఫైల్ తెరవనంటే, పాడైందనుకునే ముందు రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ ఉందేమో చూడండి.

పర్లాకిమిడి నుంచి:

వచ్చేశాయి మాస్టారూ! అప్పగింతల పాటల వరకూ అన్నీ ఉన్నాయి. ఫొటోలు కొన్ని పోయాయి, అవి ఫోన్లో ఉన్నాయి. మీ మేలు మర్చిపోను. మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యాలి?

బరంపురం నుంచి:

చాలా సంతోషం తల్లీ. పెన్ డ్రైవ్‌లోంచి నేరుగా తెరిచి పని చెయ్యొద్దు. వర్డ్ సేవ్ చేసేటప్పుడు ముందు తాత్కాలిక ఫైల్ రాసి, ఆ తర్వాత పేరు మారుస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోయినా, డ్రైవ్ లాగేసినా ఇదే గతి. డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, అక్కడ పని ముగించి, మళ్లీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఎజెక్ట్ కొట్టి తీయండి.

వర్డ్ ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకి ఉంటుంది, దాన్ని 2 చెయ్యండి. అడ్వాన్స్‌డ్‌లో ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ టిక్ పెట్టండి, దాంతో కిందటిసారి సేవ్ చేసిన రూపం పక్కనే ఇంకో ఫైల్‌గా ఉంటుంది. పెళ్లి తంతు ప్రకారం పాటల్ని వేరువేరు ఫైళ్లుగా విడగొట్టండి. గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ, ఎప్పటికప్పుడు తేదీ పేరుతో. ముందుగా ఈ రాత్రే, ఇప్పుడు దక్కిన పాఠాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి.