అమ్మను బ్రెస్ట్ క్యాన్సర్ డ్రగ్ ట్రయల్‌లో తీసుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి

అమ్మకు 58 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. రొమ్ము క్యాన్సర్ లివర్‌కు పాకింది, రెండు రకాల కీమో అయిపోయాయి. హైదరాబాద్‌లో చూసే డాక్టరుగారు కొత్త మందు ట్రయల్ ఉంది, ఆలోచించుకోండి అన్నారు. సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ) సైట్‌లో వెతికాను, రిజిస్టరై ఉంది. కొంచెం ధైర్యం వచ్చింది.

ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు అని రెండు పేజీలు చేతికిచ్చారు. హెర్2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) 'లో', అంటే తక్కువగా ఉండాలట. అమ్మ బయాప్సీ ముక్క మీద హెర్2 కోసం చేసిన రెండు టెస్టుల్లో ఐహెచ్‌సీ 2+, ఫిష్ నెగెటివ్ వచ్చాయి. అంటే 'లో' కిందికే వస్తుందన్నారు. కానీ ఆ ముక్క 2021లో తీసింది. ల్యాబ్‌లో దాచిన ఆ పాత ముక్క (బ్లాకు) సరిపోతుందా, లివర్ నుంచి మళ్లీ తీస్తారా? సూది పేరెత్తితేనే అమ్మ ముఖం వాడిపోతుంది.

ఈసీఓజీ స్కోరు (రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చెప్పేది, 0 అంటే మామూలుగా ఉన్నట్టు) 0 లేదా 1 ఉండాలి. అమ్మ వంట తనే చేస్తుంది, కాకపోతే మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చాల్సిందే. దాన్ని ఎంత వేస్తారు? గుండె ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కసారికి ఎంత శాతం రక్తం పంప్ చేస్తుందో చెప్పేది) 52 వచ్చింది, వాళ్లడిగేది 50. బొటాబొటీ.

అసలు టెన్షన్ వేరే. షుగర్‌కు రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. కాగితంలో 'అదుపులో లేని ఇతర జబ్బులు' అని మాత్రమే రాశారు. మీ ఇంట్లో ఎవరైనా షుగర్ ఉండి ట్రయల్‌లో చేరారా? చేరేముందు ఏయే టెస్టులు చేశారు, వాటి డబ్బు ఎవరు కట్టారు? వచ్చే సోమవారం రమ్మన్నారు. ఈలోపు డాక్టరుగారిని ఇంకేం అడగాలో చెప్పండి.