హార్బరోకి కొత్తగా వచ్చాం, అత్తయ్యగారు వాళ్ళకి ఏం చూపించాలి?

కొత్త కాపురం:
అందరికీ నమస్కారం. మావారికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉద్యోగం, ఇల్లు మాత్రం మార్కెట్ హార్బరోలో దొరికింది. వచ్చి పది రోజులైంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే షాపులు మూసేస్తుంటే ఏడుపొస్తోంది. వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్) వస్తున్నారు. ఊళ్ళో చూడటానికి ఏమైనా ఉందా, లేక రోజూ లండన్ తిప్పాల్సిందేనా?

హార్బరో అక్క:
చెల్లీ, లండన్ రైల్లో గంట దూరం, ఎక్కడికీ పోదు. ముందు చర్చి దగ్గరికి తీసుకెళ్ళు. పక్కనే కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన చిన్న మేడ ఉంటుంది చూశావా? అది 1614 నాటి బడి. ఈ ఊరి పేదింటి పిల్లాడే, రాబర్ట్ స్మిత్, లండన్ వెళ్ళి పైకొచ్చి దాన్ని పెట్టించాడు. పిల్లలకి చదువు పైన, వెన్న అమ్ముకునేవాళ్ళకి వానలో తలదాచుకోను చోటు కింద. ఎండలో మామూలు బొమ్మలా ఉంటుంది. వాన పడుతుండగా ఆ స్తంభాల మధ్య నిలబడితే తెలుస్తుంది ఎందుకలా కట్టారో. వానకి ఇక్కడేం కరువు!

మీ మామయ్యగారికి అసలు సంగతి చెప్పు. ఎక్స్‌రేలతో స్ఫటికాల గుట్టు విప్పి 1915లో కొడుకుతో కలిసి నోబెల్ అందుకున్న విలియం హెన్రీ బ్రాగ్, చిన్నప్పుడు బాబాయి ఇంట్లో ఉంటూ చదువుకున్నది ఈ బళ్ళోనే.

చర్చి శిఖరం 161 అడుగులు, దారి తప్పితే అదే గుర్తు. చుట్టూ సమాధులుండవు, ఇక్కడి పాత చర్చిలకి అది అరుదు.

సైమింగ్టన్ వాళ్ళ కార్సెట్ (ఆడవాళ్ళు నడుము సన్నగా కనబడేలా బిగించి తొడుక్కునేది) ఫ్యాక్టరీ ఇప్పుడు కౌన్సిల్ ఆఫీసు. లైబ్రరీ, మ్యూజియం కూడా అందులోనే. మా అత్తయ్య ఆ బిగుతు కార్సెట్లు చూసి, "ఇవి తొడుక్కుని అన్నమెలా తినేవాళ్ళే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి. మనవాళ్ళు విదేశాలకి బయల్దేరేముందు డబ్బు మార్చుకునే థామస్ కుక్ ఉంది కదా, ఆ కంపెనీ పెట్టిన కుక్ ఈ ఊళ్ళోనే వడ్రంగి పని చేసుకుంటూ కాపురమున్నాడు. 1841 జూన్‌లో మద్యపాన వ్యతిరేక సభ కోసం ఇక్కణ్ణుంచి లెస్టర్‌కి నడిచి వెళ్తూంటే, రైలు మాట్లాడి జనాన్ని తీసుకెళ్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకి దాదాపు 500 మందిని తీసుకెళ్ళాడు, మనిషికి ఒక షిల్లింగ్. మీవారు రోజూ పావుగంటలో వెళ్ళే దారి అతను కాలినడకన వెళ్ళాడన్నమాట.

కాలవగట్టు బాబాయ్:
అమ్మాయ్, అక్క ఫాక్స్‌టన్ లాకులు, అదే కాలవలో నీటిమట్టం మార్చి పడవల్ని ఎక్కించి దించే గేట్లు, మర్చిపోయింది. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగిన నాకే నోరు తెరుచుకుపోయింది. 1814లో తెరిచారు. ఐదేసి లాకుల మెట్లు రెండు, మొత్తం 10. పడవ 75 అడుగులు ఎక్కాలంటే ముప్పావుగంట. నీళ్ళు వదిలే మీటల్లో ఎర్రది ముందు, తెల్లది తర్వాత తిప్పాలి. ఒడ్డున కూర్చుని చూస్తే టైమే తెలీదు. ఊళ్ళో యూనియన్ వార్ఫ్ (పడవల రేవు) నుంచి గట్టు వెంట ఐదున్నర మైళ్ళు. పెద్దవాళ్ళని అంత నడిపించకు, కారులో తీసుకెళ్ళు. చెప్పులొద్దు, బురద.

కారుంది కదాని నేజ్‌బీ కూడా వెళ్ళకండి. 1645లో ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో చార్లెస్ రాజు ఓడిపోయిన చోటు, చరిత్ర పెద్దదే గానీ చూడబోతే పొలాలే.

కొత్త కాపురం:
థాంక్యూ అక్కా, బాబాయ్! మామయ్యగారికి ఫోన్‌లో బ్రాగ్ సంగతి చెప్పా. లండన్ తర్వాత, ముందు ఆ బడి ఫోటో పెట్టమన్నారు. అక్కా, మరి కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది?

హార్బరో అక్క:
లెస్టర్, బెల్‌గ్రేవ్ రోడ్. మీ ఆయన్ని ఆఫీసు నుంచి వస్తూ తెమ్మను. రెండు కట్టలు చెప్పు, ఒకటి నాకు.