చేతి ఎంబ్రాయిడరీకి రింగు తప్పనిసరా? లేకుండా కుడితే ఏమవుతుంది?

కచ్చాకుట్టు:
అందరికీ నమస్కారం. మా వీధి చివర ఎంబ్రాయిడరీ క్లాసులో చేరాను. అక్కడి మేడమ్ గుడ్డని బిగువుగా పట్టి ఉంచే రింగు (రెండు చక్రాల మధ్య గుడ్డ పెట్టి స్క్రూతో బిగించేది) బిగించందే సూది పట్టనివ్వరు. రింగు లేకుండా కుట్టింది చిరుగు కుట్టడానికే పనికొస్తుందట! మా అత్తయ్యగారేమో దిండు గలీబులన్నీ ఒళ్ళో పెట్టుకునే కుట్టేశారు. గొలుసు కుట్టు, కాడ కుట్టు, ఎక్కడా చిన్న ముడత లేదు. నేను రింగులో శాటిన్ కుట్టుతో (దారాలు పక్కపక్కనే ఒత్తుగా పరిచే కుట్టు) నింపిన ఆకు మాత్రం రింగు తీయగానే చుట్టూ కుచ్చిళ్ళు పడుతోంది. "చూశావా, ఆ చక్రం ఎందుకు?" అంటున్నారు అత్తయ్య. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

మగ్గం తమ్ముడు:
మీ మేడమ్ మాటే వినండి. నాది మగ్గం వర్క్, పెళ్ళి జాకెట్లు చేస్తాను. మా పనికి బిగువే ప్రాణం. ఆరి సూదికి కొనలో చిన్న కొక్కెం ఉంటుంది. దారం గుడ్డ కింద, ఎడమ చేతిలో ఉంటుంది. సూది పైనుంచి దిగి ఆ దారాన్ని కొక్కేనికి తగిలించుకుని మళ్ళీ పైకి రావాలి. గుడ్డ వదులుగా ఉందంటే సూదితో పాటే పైకి లేస్తుంది, కొక్కెం గుడ్డ పోగుకే చిక్కుకుంటుంది. అందుకే గుడ్డని ఫ్రేమ్ కర్రలకి కుట్టి, పక్కలు కూడా దారంతో లాగి కట్టాకే పని మొదలుపెడతాం. బిగువు లేకుండా చేతిపని అంటే నాకు నమ్మకం లేదు.

పాత సూది:
తమ్ముడూ, ఆరి సంగతి ఎవరూ కాదనరు. ఆ అమ్మాయి అడిగింది మామూలు సూది గురించి. తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు అద్దాలు, గవ్వలు కుట్టేది ఏ ఫ్రేమ్ మీద? మందపాటి గుడ్డ చేత్తో పట్టుకునే కుడతారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ పనికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. బెంగాల్ కాంథా చూడు, పాత చీరలు పొరలుగా పేర్చి కచ్చా కుట్టు వేసుకుంటూ పోతారు. పొరలే గుడ్డకి బలం. వీళ్ళందరూ చిరుగులు కుట్టేవాళ్ళేనా?

అసలు తేడా సూది నడకలో ఉంది. గుడ్డ చేతిలో ఉంటే సూదిని ఒక చోట దించి, గుడ్డని కొంచెం మడిచి, ఇంకోచోట పైకి తీస్తాం. ఒకే ఊపు. రింగు గట్టిగా బిగిస్తే అది కుదరదు. పైనుంచి గుచ్చి కింద లాగాలి, మళ్ళీ కిందనుంచి గుచ్చి పైన లాగాలి. ఒక కుట్టుకి రెండు పనులు. కాడ కుట్టు, గొలుసు కుట్టు, ఈక కుట్టు లాంటివి ఒకే ఊపులో సాఫీగా వస్తాయి. వీటికి రింగు పెట్టి కూర్చోవడం కాలం వృథా అని నా అభిప్రాయం.

థేమ్స్ ఒడ్డున తెలుగమ్మాయి:
అక్కా, మీరు కుట్లని తెలివిగా ఏరుకున్నారు :) శాటిన్, పొడుగు-పొట్టి కుట్టు, జరీ తీగని పైన పరిచి సన్న దారంతో అక్కడక్కడా బిగించే పని, వీటిని ఒళ్ళో పెట్టుకుని కుట్టి చూపించండి. ఇక్కడ లండన్ శివార్లలోని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ ఉంది, 1872లో మొదలైంది. అక్కడ పెద్ద పనులకి రింగు కూడా కాదు, నాలుగు కర్రల ఫ్రేమే. మన తమ్ముడి మగ్గానికి దగ్గర చుట్టం. ఒక చేయి పైన, ఒక చేయి కింద పెట్టి కుడతారు.

జపాన్‌లో అయితే రెండు దారులూ ఉన్నాయి. సాషికో అనే కచ్చా కుట్టు పనిని చేతిలోనే కుడతారు. సూది మీదకి వరసగా కొన్ని కుట్లు ఎక్కించి ఒకేసారి దారం లాగి, గుడ్డని వేళ్ళతో సాపు చేస్తారు. అదే దేశంలో పట్టు దారపు ఎంబ్రాయిడరీకి మాత్రం ఫ్రేమ్ ఉండాల్సిందే. కాబట్టి మన పద్ధతి, వాళ్ళ పద్ధతి అని గీత గీయొద్దు.

పాత సూది:
శాటిన్‌కి రింగు మేలని ఒప్పుకుంటా. కానీ ఆ అమ్మాయి ఆకు ముడుచుకున్నది రింగులోనే కదా! దాని సంగతి ఎవరూ మాట్లాడరేం?

జాకెట్ల అక్క:
నేను మాట్లాడతా. ముడతలకి మూడు కారణాలు కనిపిస్తాయి నాకు.

గుడ్డని మూలకి, అంటే ఏటవాలుగా లాగి బిగించడం ఒకటి. ఏటవాలుగా ఏ గుడ్డైనా సాగుతుంది. రింగులో గుండ్రంగా ఉన్న పువ్వు, రింగు తీయగానే కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పడుగు (నిలువు పోగులు) వెంట, పేక (అడ్డ పోగులు) వెంట మాత్రమే లాగాలి.

రెండోది, క్లాసులో మొదలుపెట్టినప్పుడున్న బిగువు అరగంటకి ఉండదు. గుడ్డ జారుతుంది, ప్లాస్టిక్ రింగు అయితే మరీను. మనం గమనించకుండా కుడుతూ పోతాం, కుట్టు గుడ్డని లోపలికి లాక్కుంటుంది. చెక్క రింగు కొని, లోపలి చక్రానికి నూలు టేపు చుట్టండి. పట్టు దొరుకుతుంది, గుడ్డ మీద అచ్చు కూడా తక్కువ పడుతుంది.

మూడోది చేయి బరువు. గుడ్డ బిగువుగా ఉందన్న ధైర్యంతో దారాన్ని కూడా బిగించి లాగేస్తారు. రింగులో ఉన్నంతసేపు ఏం తెలీదు. దారం గుడ్డ మీద ఆనితే చాలు.

ఇంత చెప్పినా, రెడీ పట్టుచీర మీద రింగు పెట్టడానికి నేను ఒప్పుకోను. మడత అచ్చు పడితే ఇస్త్రీకి కూడా ఒక్కోసారి పోదు. వెల్వెట్ అయితే నూగు అణిగిపోయి గుండ్రటి మచ్చ మిగులుతుంది. పూసలు, అద్దాలు కుట్టేసిన చోట రింగు నొక్కితే అవి పగలడమో ఊడడమో ఖాయం. నా దగ్గరికి ఇలాంటి చీరలు రిపేరుకి వస్తూనే ఉంటాయి. టీషర్టు లాంటి సాగే గుడ్డనైతే లాగి బిగించనే కూడదు, వెనక పేపరో పలుచటి నూలు గుడ్డో వేసి ఊరికే నిలబడేలా పెట్టాలి.

మగ్గం తమ్ముడు:
అక్కా, అందుకే కదా మగ్గం అనేది! డిజైన్ మొత్తం ఫ్రేమ్ లోపలే ఉంటుంది, పని మీద నొక్కేదేం లేదు. రింగు జరుపుకుంటూ పోవడంలోనే ఈ గొడవలన్నీ.

పాత సూది:
రెండు జేబురుమాళ్ళకి మూల పువ్వు కుట్టడానికి ఇంట్లో మంచమంత ఫ్రేమ్ వేయమంటావా? నడుము నొప్పి సంగతి కూడా చెప్పు మరి.

మగ్గం తమ్ముడు:
నడుము సంగతి అడక్కండి అక్కా. మెడ కూడా.

థేమ్స్ ఒడ్డున తెలుగమ్మాయి:
రింగుతోనూ నొప్పి ఉంది. గంటలకొద్దీ ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంటే బొటనవేలి మొదలు పట్టేస్తుంది. బల్లకి బిగించే స్టాండ్ ఉంటే ఆ చేయి ఖాళీ అవుతుంది. అప్పుడు రెండు చేతులతో కుట్టొచ్చు కాబట్టి రింగు వల్ల కుట్టు నెమ్మదిస్తుందన్న వాదన కూడా సగం పడిపోతుంది.

కచ్చాకుట్టు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. నాది ప్లాస్టిక్ రింగే. గుడ్డ సన్నటి నూలుది, నాలుగు వైపులా చేతికి దొరికినచోటల్లా లాగి బిగించాను. కుట్టనప్పుడు కూడా రింగులోనే వదిలేస్తున్నా. అది పర్లేదా?

జాకెట్ల అక్క:
అస్సలు వద్దు. పని ఆపగానే స్క్రూ వదులు చేసి తీసేయమ్మా. అలాగే ఉంచితే చక్రం అంచున దుమ్ము, చేతి జిడ్డు చేరి గోధుమరంగు గీత పడుతుంది, ఉతికినా పూర్తిగా వదలదు. ముడుచుకున్న ఆకుని విప్పే ముందు ఒకసారి నీళ్ళలో తడిపి, తువ్వాలు మీద తిరగేసి పరిచి వెనకనుంచి ఇస్త్రీ చెయ్యి. దారం రంగు పోతుందేమో ఒక మూల ముందే చూసుకో. కొంచెం ముడతైతే సర్దుకుంటుంది. ఎక్కువుంటే విప్పడమే.

పాత సూది:
విప్పాక కాడలన్నీ చేతిలో కుట్టు, ఆకులు నింపేటప్పుడు రింగు ఎక్కించు. క్లాసులో కాడలకి కూడా రింగు పెట్టమంటే మాత్రం ఎందుకని అడుగు.

మగ్గం తమ్ముడు:
కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అలా చెప్పకండక్కా. ముందు చేయి కుదరాలి, దానికి బిగువు గుడ్డే కావాలి. రింగు తీయడం తర్వాత.

పాత సూది:
చేయి కుదిరేది గుడ్డని వేళ్ళతో పట్టుకున్నప్పుడే. ఎంత లాగితే ముడత పడుతుందో అప్పటికప్పుడు కళ్ళముందే తెలుస్తుంది. రింగు అది దాచిపెడుతుంది.

కచ్చాకుట్టు:
గురువారం క్లాసు ఉంది. కాడలు ఒళ్ళో కుట్టుకునే వెళ్తాను. మేడమ్ ఏమంటారో వచ్చి చెప్తా.