డాక్సీసైక్లిన్‌తో ఛాతీలో నొప్పి, ఎండకి చేతులు కమలడం - ఎవరికైనా ఇలా అయిందా?

క్లమీడియా (లైంగికంగా అంటుకునే ఇన్‌ఫెక్షన్) అని టెస్టులో తేలితే డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండు పూటలా 7 రోజులకి రాశారు. మొదట్లో కాస్త వికారం, అంతే. ఇప్పుడు ఏది మింగినా ఛాతీ ఎముక వెనక ఇరుక్కున్నట్టు ఒకటే నొప్పి, మెత్తటి అన్నం కూడా దిగట్లేదు. దానికితోడు నాది బండి మీద తిరిగే పని, విజయవాడ ఎండ సంగతి తెలిసిందేగా, వాచీ పట్టీ కింద తప్ప చేతుల పైభాగమంతా ఎర్రగా కమిలి చురచురమంటోంది.

ఈ మందు వాడుతూ ఎండలో తిరగకూడదని, మాత్ర నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకూడదని మెడికల్ షాపతను ఇప్పుడు చెబుతున్నాడు. ఇచ్చేటప్పుడే చెబితే అతని సొమ్మేం పోయేదో!

ఈ కమలడానికీ అసలైన ఎలర్జీకీ తేడా ఎలా తెలుస్తుంది? దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం ఏమీ లేవు. మా ఆవిడ గర్భవతి కాబట్టి తనకి అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే డోసుగా ఇచ్చారు, నాకూ అదే మార్చమని అడగొచ్చా? కోర్సు మధ్యలో ఆపితే జబ్బు మిగిలిపోతుందేమోనని టెన్షన్, ఆపకపోతే తిండి లేదు. మా డాక్టర్ ఊళ్ళో లేరు, రేపు ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి సుఖవ్యాధులకి చూసే సురక్ష క్లినిక్‌కి వెళ్తున్నా. ఈ మందు వాడినవాళ్ళు ఆ నొప్పి ఎన్నాళ్ళకి తగ్గిందో, అప్పటిదాకా ఏం తిన్నారో చెప్పండి. జబ్బు ఎలా వచ్చిందని మాత్రం అడగొద్దు ప్లీజ్.