షేర్ ఫోల్డర్‌లో ఎక్సెల్ ఫైల్ తెరిస్తే ‘రీడ్ ఓన్లీ’ అంటోంది. ఈ ‘అడ్మిన్’ ఎవరండీ?

మిల్లు అకౌంట్స్:
మాది మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లు. ఆఫీసులో నాలుగు సిస్టమ్‌లు: నాది, కాటా రూముది, క్యాషియర్ గారిది, మేడ మీద ఓనరు గారి ల్యాప్‌టాప్. ధాన్యం స్టాక్ ఫైలు నా సిస్టమ్‌లో ఉంది, ఆ ఫోల్డరే అందరికీ షేర్ చేశాం. వారం నుంచి కాటా అబ్బాయి ఫైల్ తెరిస్తే, దాన్ని ‘అడ్మిన్’ వాడుతున్నాడు, చూడ్డానికి మాత్రమే తెరుచుకుంటుంది అని వస్తోంది. బయట లారీలు లైన్లో ఉంటాయి కదా, వాడు ఆగలేక ‘స్టాక్ కొత్తది’, ‘స్టాక్ కొత్తది 2’ అని వేరే పేర్లతో సేవ్ చేసేస్తున్నాడు. ఎవర్నడిగినా ‘నేను తెరవలేదు’ అనేవాళ్లే. నిన్న నాది తప్ప అన్నీ ఆపించి మళ్లీ ఆన్ చేయించాను. గంట బాగానే ఉంది, తర్వాత మళ్లీ అదే.

కొత్తగా చేరినవాడు:
ఆఫీస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి మేడమ్.

నెట్‌వర్క్ పనివాడు:
ఇన్‌స్టాల్ జోలికి పోకండి. సిస్టమ్‌లన్నీ ఒకే షాపులో కొన్నారా? అయితే నాలుగింటికీ ‘అడ్మిన్’ అనే పేరే పెట్టి ఉంటారు. ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లోకి వెళ్తే యూజర్ నేమ్ ఉంటుంది. అక్కడ ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో పేరు పెట్టండి.

ఇక ఫైల్ పట్టుకున్నది ఎవరో ఇప్పుడే తెలియాలంటే, మీ సిస్టమ్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ చూడండి. ఓపెన్ ఫైల్స్‌లో ఫైల్ పేరు, సెషన్స్‌లో ఏ కంప్యూటరో కనిపిస్తాయి. అక్కడి నుంచే మూసేయొచ్చు కానీ, అవతలివాళ్లు టైప్ చేస్తుంటే సేవ్ కానిదంతా పోతుంది. ముందు ఫోన్ చేసి అడగండి.

మామూలు విండోస్‌లో షేర్ ఫోల్డర్‌కి ఒకేసారి 20 కనెక్షన్ల వరకే పరిమితి. నాలుగు సిస్టమ్‌లకి ఆ టెన్షన్ లేదు.

మిల్లు అకౌంట్స్:
దొరికిందండీ! సెషన్స్‌లో ఓనరు గారి ల్యాప్‌టాప్. ‘నేనసలు ఎక్సెలే తెరవలేదమ్మా’ అన్నారు, అది నిజమే. ఫోల్డర్ తెరిచి ఫైల్ మీద ఒక్కసారి నొక్కి వదిలేశారంతే. కుడిపక్క ప్రివ్యూ పేన్ తెరిచి ఉంది, అందులో పొద్దుటి లారీ నంబర్లతో సహా షీటంతా కనిపిస్తోంది. ఆల్ట్, పీ నొక్కి అది తీసేయగానే కాటా రూములో ఫైల్ మామూలుగా తెరుచుకుంది.

నెట్‌వర్క్ పనివాడు:
ప్రివ్యూ కూడా ఒక్కోసారి ఫైల్‌ని అలాగే పట్టుకుంటుంది. పేర్లు మాత్రం మార్చండి.

మిల్లు అకౌంట్స్:
మార్చేశాం, కాటా రూముకి ‘కాటా’ అనే పెట్టాం. ఇప్పుడు ఆ కాపీలన్నీ ముందేసుకుని కలుపుతున్నాను. 42 బస్తాలు తేడా వస్తోంది.